ఉద్దానపు పచ్చదనము – అది వనమేనా?

హౌరా–చెన్నై రైలుమార్గమున పలాస దాటి ఉత్తరముగా పోవు ప్రయాణికుడు కుడివైపు కిటికీనుండి చూచినచో సముద్రము కనబడదు. మందస రోడ్డు, బారువ, సోంపేట స్టేషనులు గడచి ఇచ్ఛాపురము చేరువరకు కొబ్బరి తలలు, జీడిమామిడి గుబురులు, వాని నడుమ పనస, మామిడి చెట్లు కనబడుచుండును. ఈ తీరపు నేలకే ఉద్దానమని పేరు. ‘ఉద్యానము’ అను మాటయే వాడుకలో ఇట్లు మారినదని స్థానికులు చెప్పుదురు. పేరు పెట్టిన పూర్వులు దీనిని అడవి అనలేదు, తోట అన్నారు. తోటకును అడవికిని గల భేదము వారికి బాగుగా తెలియును. నేటి లెక్కలలో ఆ భేదము చెరిగిపోవుచున్నది. లెక్కలో చెరిగినది నేలమీద ఎట్లు బయటపడునో 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఉద్దానము చూచినది.

ఆనాటి తెల్లవారుజామున ‘తిత్లీ’ అను పెనుతుపాను పలాస సమీపమున తీరము దాటినది. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. విసురు 165 వరకు పోయినది. తెల్లవారి చూచిన రైతులకు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకు ఒరిగి కనబడినవి. వరి పోయినచో మరుసటి ఏడు మరల పండించుకొనవచ్చును. దేశవాళి పొడుగు కొబ్బరి నాటిన పిదప కాపునకు వచ్చుటకు ఐదు, ఆరు, ఏడేండ్లు పట్టును. జీడిమామిడికి మూడు నాలుగేండ్లు కావలెను. నిండు కాపునకు అంతకంటె ఎక్కువ. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టి, పప్పు ఒలిచి దినకూలి తెచ్చుకొను స్త్రీలకును ఈ చెట్లే ఆధారము. కనుక ఏ చెట్టు నాటవలెను, ఎక్కడ నాటవలెను అను ప్రశ్న ఇక్కడ కేవలము వృక్షశాస్త్ర ప్రశ్న కాదు, కూటి ప్రశ్న.

నిర్వచనములోని చిక్కు

డెహ్రాడూనునందలి భారత అటవీ సర్వే సంస్థ 1987 నుండి సుమారు రెండేండ్ల కొకమారు దేశ అటవీ స్థితి నివేదికను ప్రకటించుచున్నది. ఉపగ్రహ చిత్రములను చూచి అడవులను కొలుచుట దాని పద్ధతి. ఆ నివేదికలలో ‘అటవీ ఆచ్ఛాదనము’ అను మాటకు ఒక నిర్వచనమున్నది: ఒక హెక్టారునకు తక్కువ కాని విస్తీర్ణములో, నేలపై కనీసము 10 శాతము చెట్ల తలల నీడ పడినచో ఆ నేల ఆ లెక్కలోనికి వచ్చును. ఆ నేల ఎవరిది, ఆ చెట్లు ఏ జాతివి, వానిని ఎందుకు పెంచుచున్నారు అను ప్రశ్నలు అక్కడ లేవు. కాబట్టి కొబ్బరితోట, జీడితోట, నాలుగేండ్లకు నరకబడు సరుగుడు తోట, వందల ఏండ్ల కొండ అడవి – అన్నియు ఒకే పద్దున పడును.

ఈ నిర్వచనమును మోసమనుట న్యాయము కాదు. సంస్థ దానిని దాచలేదు. ప్రతి నివేదికలోను వ్రాసియే ఉంచినది. ఆకాశమునుండి చూచు యంత్రమునకు చెట్టు తల కనబడును గాని, పట్టా కనబడదు. ఒకే కొలబద్దతో దేశమంతటిని కొలిచినప్పుడే నిరుటికిని ఈ ఏటికిని పోలిక కుదురును. ఆ మేలు ఒప్పుకొనవలసినదే. దోషము చదువువారియందున్నది. ‘చెట్ల నీడ ఇంత’ అని నివేదిక చెప్పగా, ‘అడవి ఇంత’ అని ఉపన్యాసములు, పత్రికలు, కొన్ని పాఠములును చెప్పుచున్నవి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట అని తెలుగున ఒక సామెత కలదు. ఇచ్చట అడవి పేరు చెప్పి తోటను లెక్కకు అమ్ముట జరుగుచున్నది.

ఇందువలన నష్టమేమని విద్యార్థి అడుగవచ్చును. ఒక జిల్లాలో పాత అడవి కొంత తరిగి, అంతే విస్తీర్ణమున క్రొత్తగా సరుగుడు పెరిగినచో లెక్కలో మార్పు కనబడదు. కాని ఆ రెండు నేలలు నీటిని పట్టు తీరు వేరు, పక్షులకు తావిచ్చు తీరు వేరు, గాలికి నిలుచు తీరు వేరు. లెక్క సరిపోయినదని తృప్తిపడినచో పోయినదేదో ఎవరును వెదకరు.

ఈ పొరపాటు శ్రీకాకుళమునకే పరిమితము కాదు. అడవులను తిరిగి పెంచెదమని పలు దేశములు చేసిన వాగ్దానములను కొందరు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2019లో ‘నేచర్’ పత్రికలో వ్రాసినారు. వాగ్దానము చేసిన విస్తీర్ణములో 45 శాతము ఒకే జాతి చెట్ల వ్యాపారపు తోటలేనని వారు తేల్చినారు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా ప్రాంతమున దశాబ్దములపాటు సర్కారు నాటించిన మొక్కల ఫలితమును పరిశీలించిన మరొక బృందము 2021లో ఇంకను కఠినమైన మాట చెప్పినది: అంత నాటినను దట్టమైన చెట్ల నీడ చెప్పుకొనదగినంత పెరుగలేదు, గ్రామస్థులకు మేతకును వంటచెరకునకును పనికివచ్చు వెడల్పాకు జాతుల పాలు కొంత తగ్గినది. నాటిన మొక్కల సంఖ్య వేరు, నిలిచిన చెట్ల సంఖ్య వేరు, వానివలన కలిగిన మేలు వేరు. ఈ మూడింటిని విడదీసి అడుగుటయే విమర్శలో మొదటి మెట్టు.

ఎక్కడి చెట్లు?

ఉద్దానమునందు నేడు కంటికి నిండుగ కనబడు చెట్లలో చాలభాగము దూరదేశములనుండి వచ్చినవి. జీడిమామిడి జన్మస్థానము బ్రెజిల్. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు దానిని భారతదేశపు పడమటి తీరమునకు తెచ్చినారు. మొదట దానిని పప్పు కొరకుగాక, నేల కోత అరికట్టుటకు ఎక్కువగా నాటెడివారు. తెలుగువారు దానికి పెట్టిన పేరులోనే దాని చరిత్ర దాగియున్నది. మన అడవులలో జీడి, లేక నల్లజీడి, అను దేశీయ వృక్షము కలదు. చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టుటకు వాడెడి నల్లని రసము దాని గింజలోనిదే. క్రొత్తగా వచ్చిన చెట్టు గింజ జీడిని పోలియుండుటచేతను, చెట్టు మామిడిని తలపించుటచేతను దానిని జీడిమామిడి అన్నారు. ఈ మూడును ఒకే కుటుంబమునకు చెందినవని వృక్షశాస్త్రజ్ఞులు తరువాత చెప్పిన మాట పల్లెజనుల చూపునకు ముందే అందినది.

సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరముల చెట్టు. 19వ శతాబ్దపు రెండవ భాగమున మద్రాసు రాజధాని తీరమున వంటచెరకు కొరకు దీనిని విరివిగా నాటసాగినారు. ఇసుకలో పెరుగును, ఉప్పుగాలికి ఓర్చును, త్వరగా ఎదుగును. దాని పుల్లలవంటి ఆకులు నిజమునకు ఆకులు కావు. అవి సన్నని కొమ్మలు. నిజమైన ఆకులు ఆ కొమ్మల కణుపులవద్ద పొలుసులవలె అంటియుండును. నీటిని పొదుపు చేయుటకు ఇది అనువైన ఏర్పాటు. వేరులందు ‘ఫ్రాంకియా’ అను సూక్ష్మజీవి బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించును. ఇన్ని గుణములు గల చెట్టును నిందించుట సులభము కాదు.

మరి ఇక్కడి చెట్లేవి? 18వ శతాబ్దాంతమున సామర్లకోటలో నివసించి తెలుగుదేశపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథమును 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగ, 300 చిత్రములతో వెలువరించినాడు. అందు పెక్కు మొక్కలకు తెలుగు పేర్లను చేర్చుట ఆయన చేసిన గొప్ప ఉపకారము. ఆ పేర్లు నేటికిని ఉద్దానపు రైతుల నోట వినబడును: కానుగ, పొన్న, గంగరావి, నేరేడు, మోదుగ, ఈత, మొగలి. మోదుగకే సంస్కృతమున పలాశమని పేరు. పలాస ఊరిపేరు వినగానే ఆ ఎఱ్ఱని పూలు తలపునకు రాక మానవు. కాని ఆ పట్టణము నేడు ప్రసిద్ధి పొందినది బ్రెజిల్ చెట్టు గింజ వలన. ఇందులో తప్పేమియు లేదు. అయితే ఒకదాని వలన మరొకటి మరుగున పడుట మాత్రము గమనింపదగినది.

తీరపు చెట్లలో పొన్న ఒక వింత చెట్టు. దాని కాయలు ఉప్పునీటిపై తేలి ఒడ్డునుండి ఒడ్డుకు పోవును. తూర్పు ఆఫ్రికానుండి పసిఫిక్ దీవుల వరకు సముద్రతీరములందు అది ఇట్లే వ్యాపించినది. దాని కలప పడవలకు పనికివచ్చును. గింజలనుండి నూనె వచ్చును. కానుగ చిక్కుడు కుటుంబమునకు చెందినది; దాని వేరులందును నత్రజనిని పట్టు బుడిపెలుండును. అనగా సరుగుడునకు గల పెద్ద గుణము దేశీయ వృక్షమునకును కలదు. నాటువారు దానిని అడుగకపోవుటయే లోపము.

సరుగుడుపై తీర్పు

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. ఒట్టి ఇసుకతిన్నెపై మూడేండ్లలో రెండు నిలువుల ఎత్తు పెరిగిన సరుగుడును చూచినవారికి అదియే మహావృక్షముగ తోచుట సహజము. దాని మేలులను, కొరతలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

సరుగుడు ఎగిరిపడు ఇసుకను ఆపును. రైతుకు నాలుగైదేండ్లలో రొక్కము తెచ్చును. వాసములు, వంటచెరకు, కాగితపు గుజ్జు – అన్నింటికిని గిరాకి కలదు. కోయంబత్తూరులోని అటవీ జన్యు, వృక్ష ప్రజనన సంస్థ మేలైన సరుగుడు రకములను తీసి రైతులకు అందించినది. పరిశోధన ఫలితము పొలమునకు చేరిన ఉదాహరణలలో ఇది ఒకటి.

ఇక కొరతలు. దట్టముగా రాలిన సరుగుడు పుల్లలు నేలపై చాపవలె పరచుకొని ఇతర మొలకలను రానీయవు. అందుచేత సరుగుడు తోట క్రింద రెండవ వరుస చెట్లు, పొదలు సాధారణముగ ఏర్పడవు. తోటనంతటిని ఒకేమారు నరికినచో ఆ ఏడు తీరమునకు రక్షణ యుండదు. తుపాను ఆ ఏడే రాదని ఎవరు చెప్పగలరు? చెట్లన్నియు ఒకే వయస్సు, ఒకే ఎత్తు గలవగుటచే తెగులు వచ్చినను గాలి వచ్చినను అందరిది ఒకే గతి. మరియు అలలు తాకు గట్టువరకు సరుగుడు నాటుట మరొక తప్పు. శ్రీకాకుళపు ఒడ్డున చలికాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుంటలు తీసి గ్రుడ్లు పెట్టును. వేరులు అల్లుకొన్న గట్టి నేలలో అవి గుంట తీయలేవు. ఆ ఇసుకతిన్నెలకు ప్రకృతి ఇచ్చిన కాపు చెట్టు కాదు. బాలబండి తీగయు, రావణాసురుని మీసమను ముండ్ల గడ్డియు. చెట్టు లేని నేల అంతయు బీడని తలచుట పట్టణపు కన్ను.

టెక్కలి దగ్గరి తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును ఊరి పెద్దచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. అంత బరువైన పక్షులకు విశాలమైన కొమ్మలు కావలెను. అట్టి కొమ్మలు నాలుగేండ్లకు నరకబడు తోటలో పుట్టవు. ఒక తరమువారు నాటి తరువాతి తరమునకు విడిచిన చెట్టునకే పుట్టును.

కావున తీర్పు ఇది: సరుగుడు మంచి పంట, తీరరక్షణకు దానినొక్కదానినే నమ్ముట చెడ్డ పథకము. పంటను పంట అని పిలిచినంత కాలము వివాదమే లేదు.

సాక్ష్యమును తూచుట

‘చెట్లు తుపానును, సునామీని ఆపును’ అను మాట తరగతి గదులలో తరచుగ వినబడుచున్నది. దీనికి సాక్ష్యమేమి? 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిదప కదిరేశన్, రాజేంద్రన్ అను శాస్త్రజ్ఞులు తమిళనాడు తీరమున 18 పల్లెలను పరిశీలించి, మడ అడవులును ఇతర తీరవృక్షములును గల చోట మరణములు తక్కువని 2005లో ప్రకటించినారు. ఆ మాట లోకమంతట ప్రాకినది. మరుసటి ఏడు కెర్, బేర్డ్, కాంప్‌బెల్ అను ముగ్గురు అవే అంకెలను మరల లెక్కించినారు. సముద్రమునకు దూరముగను, ఎత్తుగను ఉన్న పల్లెలలో మరణములు తక్కువ. అట్టి పల్లెల ముందే చెట్లకు చోటు ఎక్కువగ ఉండును. దూరము, ఎత్తు సమానముగ నున్న పల్లెలను పోల్చినప్పుడు చెట్ల విస్తీర్ణము వలన మరణములలో తేడా కనబడలేదని వారు చూపినారు.

ఇది చెట్లపై ద్వేషము కాదు. శాస్త్రము నడచు దారి. రెండు సంగతులు కలసి కనబడినంత మాత్రమున ఒకటి మరియొకదానికి కారణమని చెప్పరాదు. మూడవ సంగతి ఏదైనను ఆ రెండింటిని నడుపుచున్నదేమో చూడవలెను. ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి పాఠము దొరకుట అరుదు.

ఆ పాఠము నేర్చినవారు మరింత జాగ్రత్తగ పని చేసినారు. 1999 అక్టోబరు 29న ఒడిశాను కొట్టిన మహాతుపానులో కేంద్రపడ జిల్లా గ్రామముల మరణములను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించి 2009లో ప్రకటించినారు. దూరము, ఎత్తు మొదలగు వానిని లెక్కలోనికి తీసికొన్న పిదప కూడ, సముద్రమునకును తమకును నడుమ వెడల్పైన మడ అడవి గల గ్రామములలో మరణములు తక్కువగనే యున్నవి. అయితే సర్కారు ముందుగ ఇచ్చిన హెచ్చరిక అంతకంటె ఎక్కువ ప్రాణములను కాపాడినదని కూడ వారే చెప్పినారు. చెట్టు మేలు చేసినది నిజము. హెచ్చరికకు బదులుగ చెట్టు పనికిరాదన్నదియు నిజము. ఇందులో ఏ సగమును విడిచి చెప్పినను పాఠము తప్పగును.

గాలి, చెట్టు

గాలి చెట్టుపై వేయు బలము వేగముతో సమానముగ పెరుగదు; వేగపు వర్గముతో పెరుగును. గంటకు 75 కిలోమీటర్ల గాలి ఒక పలకను నెట్టు బలముకంటె 150 కిలోమీటర్ల గాలి నాలుగింతలు బలముగ నెట్టును. చెట్టు పలక కాదు. దాని ఆకులు ముడుచుకొనును, కొమ్మలు వంగును, అందుచే బలము కొంత తగ్గును. మొక్కై వంగనిది మానై వంగునా అందురు. గాలికి వంగగల చెట్టునకే ఆయువు ఎక్కువ.

కొబ్బరి కాండము బాగుగ వంగును. కాని దానికి తల్లివేరు లేదు. మొదటినుండి పుట్టు అసంఖ్యాకమైన సన్నవేరులే దానిని పట్టియుంచును. వానలకు నానిన ఇసుకలో ఆ పట్టు సడలును. పైగా దానికి పెరుగు మొవ్వు ఒక్కటే. మొవ్వు విరిగినచో చెట్టు చచ్చినదే. జీడిమామిడి తల గుండ్రముగ విశాలముగ నుండి గాలిని తెరచాపవలె పట్టును. అయితే విరిగిన జీడిమామిడి కొమ్మలు నరికినచో మరల చిగుర్చు అవకాశము కలదు. కొబ్బరికి అది లేదు. తాటిచెట్టు గాలికి నిలుచునని కోస్తా రైతులందరు ఎరిగినదే; కాని అది కాపునకు రావలెనన్న పన్నెండు, పదునైదేండ్లు ఓపిక పట్టవలెను.

గాలికి అడ్డుగ పెంచు చెట్లవరుస గోడవలె దట్టముగ నుండరాదు. గోడను ఢీకొన్న గాలి పైకెగసి వెనుకవైపు సుడి తిరుగును. సుమారు సగము గాలిని తనలోనుండి పోనిచ్చు వరుస తన ఎత్తునకు పదినుండి ఇరువదింతల దూరము వరకు గాలివేగమును తగ్గించును. క్రింద పొదలు, నడుమ చిన్నచెట్లు, పైన పెద్దచెట్లు గల మిశ్రమ వరుస ఈ పనికి అనువైనది. అడుగున ఖాళీగ నున్న ఒంటిజాతి వరుస క్రింద గాలి దూరిపోవును.

అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయపువారు 2004, 2005 సంవత్సరముల తుపానుల పిదప ఆ రాష్ట్రపు పట్టణములలోని చెట్లను పరిశీలించినారు. ఉష్ణ, ఉపోష్ణ ప్రాంతపు వృక్షములలో దేశీయ జాతులు విదేశీ జాతులకంటె ఎక్కువగ నిలిచినవనియు, ఒంటరి చెట్లకంటె గుంపుగ పెరిగిన చెట్లు మేలనియు వారు కనుగొన్నారు. ఇది ఆశ కలిగించు ఫలితమే. కాని ఫ్లారిడా చెట్లు ఉద్దానపు చెట్లు కావు. అక్కడి ఫలితమును ఇక్కడ ప్రశ్నగ మార్చుకొనవలెను గాని జవాబుగ ఎత్తి వ్రాసికొనరాదు.

‘దేశీయము’ అను మాట మంత్రము కాదు

ఇప్పుడు త్రాసు రెండవ పళ్లెమును చూడవలెను. సరుగుడును విమర్శించువారిలో కొందరు దేశీయ వృక్షములన్నియు అన్ని విధముల మేలని చెప్పుచున్నారు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష 53 దేశములలో జరిగిన 264 పరిశోధనలను కూర్చి చూచినది. జీవవైవిధ్యము, నేల కోత అరికట్టుట, నీరు, కర్బనపు నిల్వ – వీనియందు దేశీయమైన అడవిని పునరుద్ధరించుటయే మేలు. కలప ఉత్పత్తిలో మాత్రము తోటలే మేలు. అనగా రెండు చేతులను నింపు చెట్టు ఏదియు లేదు. ఏది కావలెనో ముందు తేల్చుకొనవలెను. కోస్టారికాలో 1990వ దశాబ్దపు మొదట పాడుపడిన పచ్చిక నేలలలో దేశీయ జాతులను కలిపి నాటిన ప్రయోగములు, పెక్కు జాతులు ఒంటిగ కంటె కలసి బాగుగ పెరిగినవని చూపినవి. అయినను కలిపిన ప్రతి జత కుదరదు. త్వరగా పెరుగునది నెమ్మదిగ పెరుగుదానిని నీడలో అణచివేయవచ్చును.

ఆచరణలో మరియొక చిక్కు. సరుగుడు విత్తనములు చిన్నవి, తేలికైనవి. నారు పోయుట సులభము. నేరేడు, పనస విత్తనములు ఎండినచో కొద్దిదినములలోనే మొలకశక్తిని కోల్పోవును. అవి పండిన వారములలోనే ఏరి నాటవలెను. వానకాలమునకు కొంత ముందు ఉత్తరువు వచ్చి, కొన్ని వారములలో లక్ష మొక్కలు చూపవలసిన నర్సరీ ఏ మొక్కను ఎన్నుకొనునో ఊహింపవచ్చును. దేశీయ వృక్షములు వెనుకబడుటకు వాని లోపముకంటె కాలపట్టిక లోపమే పెద్ద కారణము.

రైతు సంగతి వేరు. తిత్లీలో తోట పోగొట్టుకొన్న కుటుంబమును ఇరువదియేండ్ల పొన్న నాటుమనుట ధర్మము కాదు. వారు కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు నాటుకొందురు, నాటుకొనవలసినదే. అయితే మార్కెట్టు తానే నాటించు చెట్టును ప్రజాధనముతో ప్రజల నేలలో కూడ నాటనేల? సముద్రపు గట్టు వెనుక నేల, చెరువు కట్టలు, బాటల ప్రక్కలు, బడుల ఆవరణలు – ఇవి నాలుగేండ్లలో లాభము చూడనక్కరలేని చోట్లు. మార్కెట్టు పట్టించుకొనని పొన్న, కానుగ, గంగరావి, తాటి, నేరేడు, మొగలి వంటివానికి అక్కడనే తావు. రైతు కూడ తన గట్టుపై నాలుగు తాళ్లు, రెండు కానుగలు ఉంచినచో తోటకు కాపు కలుగును, పంటకు నష్టము రాదు.

కావలసిన పరిశోధన

ఆంధ్ర తీరమున పాత వనము ఎట్లుండెనో చూడగోరువారికి శ్రీహరికోట ఒక సజీవ గ్రంథము. అంతరిక్ష కేంద్రమునకై కాపాడబడిన ఆ దీవిలో ఉష్ణమండల శుష్క సతతహరితారణ్యము నేటికిని నిలిచియున్నది. పాల, నేరేడు మొదలగు చెట్లు ఉప్పుగాలిలో, ఇసుకలో, ఏడాది పొడవున పచ్చగ నుండును. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో ఎఱ్ఱని బీడు నేలపై ఇట్టి అడవినే 1970వ దశాబ్దము నుండి మరల పెంచినారు. ఉద్దానపు వాన, నేల కొంత వేరైనను ఈ రెండు చోట్లును విత్తనములకు, అనుభవమునకు పనికివచ్చును.

ఉద్దానమున చేయవలసిన ప్రయోగము రూపురేఖలు స్పష్టమైనవే. ఒకే రకపు ఇసుక నేలలో, సముద్రమునకు ఒకే దూరమున, సరుగుడు ఒంటిగ ఒక మడి, దేశీయ మిశ్రమము ఒక మడి, రెండును కలసినది ఒక మడి, ఏమియు నాటక కాపు మాత్రము పెట్టినది ఒక మడి వేయవలెను. ఒక్కొక్క దానిని పలుచోట్ల మరల మరల వేయవలెను. ఏమియు నాటని మడి లేనిచో నాటుట వలన కలిగిన మేలును, కాపు వలన కలిగిన మేలును విడదీయలేము. ఇంకొక నియమము: ప్రయోగము మూడేండ్లకు ముగియరాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ – అన్నియు అక్టోబరు నెలలోనే ఈ ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరమును తాకినవి. చెట్టుకు పరీక్ష పెట్టునది తుపాను. పరీక్ష రాకముందే ప్రయోగమును మూసినచో మార్కులు వేయుటకేమియు మిగులదు.

ఇందులో బడులు చేయగల పనియు కలదు. ఊరిలో ఒక బాట ప్రక్కన నూరు చెట్లను ఎన్నుకొని, ఒక్కొక్కదానికి అంకె ఇచ్చి, తెలుగు పేరు, నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత, ఒంటరిగ నున్నదో గుంపులోనున్నదో అను సంగతి ఒక పుస్తకమున వ్రాయవలెను. గాలివాన పిదప అదే పుస్తకము తీసికొని పోయి నిలిచినది, ఒరిగినది, విరిగినది, వేరుతో పెకలినది అని గుర్తింపవలెను. దీనికి టేపు, పెన్సిలు తప్ప వేరు పరికరము అక్కరలేదు. ఒక తరగతి విడిచిన పుస్తకమును తరువాతి తరగతి కొనసాగించినచో పదేండ్లలో ఏ ప్రయోగశాలకును లేని సమాచారము ఉద్దానపు ఉన్నత పాఠశాలల బీరువాలలో చేరును.

మొక్కలు నాటు ఉత్సవములు 1950 నుండి దేశమంతట జరుగుచున్నవి. నాటిన దినమున ఫొటో తీయుదురు. అదే చోట ఐదేండ్లకు మరొక ఫొటో తీయు ఆచారము కూడ వచ్చినచో నివేదికలు వ్రాయువారికి కొంత ఇబ్బంది కలుగవచ్చును. చెట్లకు మాత్రము మేలు కలుగును. ఉద్దానమునకు ఆ పేరు పెట్టిన పూర్వులు తోటను తోటయని చెప్పుటకు జంకలేదు. ఆ తోట వెనుక నిజమైన వనము కూడ ఒక వరుస నిలువవలెనన్నచో, నాటినదెంత అని కాక, నిలిచినదెంత, అది ఏ చెట్టు అని అడుగుటతో మొదలుపెట్టవలెను.